ఎర్ర పుస్తకం

నాలుగంతస్తులు. లిఫ్టు లేదు.
పోర్టోలో పాత ఇళ్ళ మెట్లు ఇరుకు గొంతుకలు,
మింగలేవు, కక్కలేవు.
దేవులిందా గారి వాల్‌నట్ బల్లకి
ముందు కాళ్ళు నావి, వెనక కాళ్ళు వల్దెమార్‌వి.

రెండో అంతస్తు మలుపులో గోడకి తగిలిందా అంటే,
లేదు.
తగలకముందే ఉంది.
కాలూ పలకా కలిసేచోట వెంట్రుకవాసి చీలిక,
దాని నిండా గోధుమరంగు మైనం,
మా గోదాములో డబ్బాలో ఉండే మైనమే.
చూశాను.
చూసి, పట్టు మార్చుకున్నాను.

పైన ఆవిడ గుమ్మంలో నిలబడి
ఎడమకి, ఇంకొంచెం ఎడమకి, అంటూ
చేతుల్తో పడవని ఒడ్డుకి పట్టించింది.
ఇద్దరికీ మంచినీళ్ళిచ్చింది.
కాగితం చాపాను: సరుకు మంచి స్థితిలో అందింది.
బల్లకి చుట్టిన దుప్పటి ఇంకా విప్పనేలేదు.
మరియా దేవులిందా ద ఫొన్సేకా, అని రాసింది
పేరులో ఒక్క ముక్క కూడా దాచుకోకుండా.

పదకొండో రోజు కొట్టుకొచ్చింది.
నలభై ఏళ్ళు మతోజీన్యుష్ ఫ్యాక్టరీలో
సార్డీన్లని డబ్బాల్లో సర్దిన వేళ్ళవి.
కళ్ళద్దాలు మరిచినా
ముల్లెక్కడుందో వాటికి తెలుసు.
"తుడుస్తుంటే గుచ్చుకుంది," అంది.

ఓనరు అబీలియు గారు నవ్వారు.
చెక్కకి ప్రాణముంటుందమ్మా, ఊపిరి తీస్తుంది, విచ్చుకుంటుంది.
మీ ఇంట్లో చెమ్మ.
ఏదో బరువు పెట్టుంటారు.
సంతకం మీదే కదా.
మెట్టు మీద మెట్టు పేర్చారాయన,
ఆయాసపడకుండా అన్నీ ఎక్కిందావిడ.

"బరువెంతో చెప్తాను.
ఆరువందల నలభై యూరోలు.
నెలకి నలభై చొప్పున పదహారు నెలలు.
ఇంకా దాని మీద పళ్ళెం కూడా పెట్టలేదు,
చెల్లెళ్ళొస్తే పెడదామని."

పోనీ ముప్ఫై తగ్గిస్తానన్నారు,
దానం చేస్తున్న గొంతుతో.

అప్పుడడిగింది.
కేకల్లేవు, కన్నీళ్ళు లేవు,
రొట్టెల కొట్లో రొట్టె అడిగినట్టు:
"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."

ఈ దేశంలో కొట్టన్నాక ఉండి తీరాలది.
ఎర్ర అట్ట. ఫిర్యాదుల పుస్తకం.
అడిగితే లేదనకూడదు.
రాసిన పేజీ మూడవుతుంది:
రాసినవాళ్ళకొకటి, కొట్టుకొకటి,
మూడోది ప్రభుత్వం బల్ల మీదికి.
మా కొట్లో అది
కిటికీ పక్క బీరువా పొట్టికాలి కింద ఉంది.

అబీలియు గారు నావైపు చూశారు.
నేను బీరువా ఎత్తాను, ఆయన పుస్తకం లాగారు.
ఆవిడ రాస్తున్నంతసేపూ
ఆ బీరువా ఓ పక్కకి ఒరిగి
లారీ వెళ్ళినప్పుడల్లా టకటకమంది.

మధ్యలో తలెత్తింది.
"మోసుకొచ్చిన అబ్బాయివి నువ్వే కదూ?"
గుమ్మడికాయ దొంగెవరని ఎవరూ అడగలేదు.
అయినా నా చెయ్యి భుజమ్మీదికే పోయింది,
బల్ల అంచు ఒరుసుకుపోయిన చోటికి.

అడిల్సన్, అన్నాను.
ఊరు అడగలేదు, మిందేలు అని అదీ చెప్పాను.
తర్వాత రెండో అంతస్తు మలుపు.
తర్వాత మైనం.
నా కూటి కుండని నేనే తన్నుకుంటున్నానని
తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం ఆగలేదు.

ఆవిడ అదంతా రాయలేదు.
"బల్ల కొత్తది, చీలిక పాతది."
ఆ ఒక్క వాక్యం, కింద సాక్షిగా నా పేరు,
అక్షరం అక్షరం అడిగి, తప్పు లేకుండా.

సోమవారం మళ్ళీ ఎక్కాం.
దించడమే ఎక్కించడం కన్నా కష్టం.
వల్దెమార్ నాతో మాట్లాడ్డం లేదు.
పని ఉందో ఊడిందో నెలాఖరుకి గాని తెలీదు.
తివాచీ మీద బల్ల కాళ్ళు నాలుగు గుంటలు మిగిల్చాయి.
వాటి మధ్య కుర్చీ వేసుకుని
ఆవిడ నారింజ ఒలుస్తోంది, తొక్కలు ఒళ్ళో వేసుకుంటూ.

తిరిగి తీసుకెళ్తున్నట్టు ఓ కాగితం
తనే రాసి ఉంచింది.
పెన్ను అందుకోబోయాను.
"ఆగు," అంది.
"ముందు దుప్పటి విప్పి చూసుకో, బాబూ."