మూడు నిమిషాలు

మోంటానాలో మార్చి. బయట ఇంకా మంచే.
కౌంటీ హాల్లో కుర్చీలు చాలక
కొందరు కిటికీలకు ఆనుకుని నిలబడ్డారు.
నలభై ఎకరాలకు ఒక్క ఇల్లు, అది పాత రూలు.
ఐదుకే ఒకటి, పక్కపక్కన కట్టుకుంటే ఇంకొంచెం సడలింపు, ఇది కొత్తది.
చీటీ మీద అవుననో కాదనో టిక్కు పెట్టాలి.
మనిషికి మూడు నిమిషాలు.
గంట కొట్టేది నేను.

స్కూలు బస్సు నడిపే డెల్ఫిన్ లేచింది:
"ముప్పై ఆరు సీట్ల బండి. ఎక్కేది పదకొండు మంది.
అందులో ఇద్దరు నా పిల్లలే.
ట్రైలర్లో పైపు గడ్డకడితే
మంచు కరిగించి వాళ్ళ మొహాలు కడుగుతాను."

ఓర్విల్ ట్వైట్ టోపీ తియ్యలేదు:
"చిన్నప్పుడు రాత్రి మా గుమ్మంలోంచి రెండు దీపాలు కనపడేవి.
నిన్న పంతొమ్మిది.
ఇంకా లెక్కపెట్టమంటారా?"
ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆఖర్న బోర్లు వేసే హాల్వర్:
"మా నాన్న కాలంలో నూట ఎనభై అడుగులకి నీళ్ళు పడేవి.
పోయిన నెల నాలుగొందల పది."
అంతే.
మిగతా సేపంతా అలాగే నిలబడ్డాడు.
గంట కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

నిర్ణయం వచ్చే నెలకి వాయిదా.
చీటీలు రెండు కట్టలు కడుతున్నాను.
హాల్వర్ రెండు గళ్ళలోనూ టిక్కు పెట్టాడు,
వెనక పెన్సిల్‌తో
"డెల్ఫిన్ బోరు. డబ్బు తర్వాత."

రబ్బరు బ్యాండు ఇంకా నా మణికట్టుకే ఉంది.