టర్నుకు మూడు గళ్లు

ఔలు ఊళ్లో మంచు తోసే బండి దిగి
సిల్యా తెల్లార్లూ కూర్చుని
తన మాడ్‌లోకి కొత్త సైనికుణ్ణి రాసింది.
తుపాకీ లేదు. గ్రెనేడూ లేదు.
పడ్డవాణ్ణి భుజాన వేసుకుని
టర్నుకు మూడు గళ్లు నడుస్తాడు,
అంతే.

"ఈ దండగమారి ఎందుకే అక్కా?"
అన్నాడు తూరె.
వాడికి స్నైపర్లంటే ప్రాణం.

ఆదివారం.
తొంభై ఎనిమిది శాతం గురి
వెళ్లి గోడకు తగిలింది.
ఇక గ్రహాంతరవాసుల వంతు.
తూరె తన పేరే పెట్టుకున్న సిపాయి
పొగలో కూలాడు.

దండగమారి వచ్చాడు. ఎత్తుకున్నాడు.
మూడు గళ్లు. ఆగాడు.
చుట్టూ పచ్చటి కాల్పులు.
మళ్లీ మూడు.

కోడ్‌లో ఎక్కడో తప్పు దొర్లింది:
మోసేవాడి భుజానికీ
పడ్డవాడి ఒంటికీ మధ్య
జానెడు గాలి.

సిల్యా కీబోర్డు దగ్గరికి లాక్కుంది.
"ఉండనీ" అన్నాడు తూరె,
తెర మీంచి కళ్లు తిప్పకుండా.