ఏడు కిలోలు

ఎనుమాముల యార్డుల
మిర్చి బస్తాలు దిగిపోయినంక
కాంటా మీద నా సంచి పెట్టిన.
ఎనిమిది కిలోల నాలుగు వందలు.
హమాలి ఓదెలు తుమ్ముకుంట నవ్విండు:
"గింత తేలిక సరుకు
ఈ కాంటా ఎన్నడన్న జూసిందా అక్కా!"

వానికేమెరుక.
చౌక విమానంల ఏడు కిలోలే ఊరికె.
ఎనిమిదో కిలోకు వాళ్లు గుంజే పైసలతోని
హనుమకొండల ఎక్కి ఏటూరునాగారంల దిగి
మళ్లెక్కి మళ్లొచ్చి
మిగిలినయితోని ములుగుల చాయ తాగొచ్చు.

పాత వేబిల్లు వెనుక స్టేజీలు రాసుకున్న:
హనోయి, విన్, వియెంటియాన్,
పాక్సే, స్టంగ్ ట్రెంగ్, సీయం రీప్, బ్యాంకాకు.
పండ్లు తోముకుంట ఒక్కసారి గట్టిగ పిలిచి చూసిన,
మల్లంపల్లి, ములుగు, పస్రా, తాడ్వాయి అన్నట్టే.
పక్కింటి పిలగాడు గోడ మీదికెల్లి తొంగి
"ఏ బస్సు అత్తమ్మా?" అన్నడు.

చిట్టి పాడి ఎత్తినయి లచ్చ ముప్పై వేలు.
విమానాలకు ముప్పై ఎనిమిది,
వీసాలకు, బీమాకు పన్నెండు.
మిగిలిన ఎనభైని నలభై రెండు రోజులకు పంచితె
రోజుకు పంతొమ్మిది వందల నాలుగు.
"ఆ నాలుగు రూపాయలేంది?" అన్నది నస్రీన్.
చిల్లర, అన్న.
చిల్లర లెక్క తప్పితె నాకు నిద్ర రాదు.

నాతోని వస్తున్నది మండిబజారు నస్రీన్.
ఊరోళ్ల భుజాలన్నీ కొలిచిన టేపు
మెడల వేసుకునే పుట్టినట్టుంటది.
పాస్‌పోర్టు విచారణకొచ్చిన పోలీసాయన అడిగిండు,
"అక్కడ చుట్టాలున్నరా?"
"లేరు సార్. అందుకే," అన్నది.

ఇగ తీసుడు మొదలైంది.
ఐదు చీరలల్ల మూడు వెనక్కి.
ఉక్కు చెంబు వెనక్కి.
తొక్కు డబ్బ తీసి, పెట్టి, తీసి,
సగం తిని, మూత పెట్టి, వెనక్కి.
టికెట్లు కొట్టిన పంచి ఒకటి దాచుకున్న,
మూడు వందల గ్రాములు.
అది బీరువల్నే ఉండనీ,
అక్కడ ఎవరికి కొడుత టికెట్టు?
పల్లి పొడి మటుకు ఉంచిన.
పల్లి పొడి లేని దేశంల నేను దిగ.

ఇంకా ఏడున్నర.

అప్పుడు నస్రీన్ మిషను తొక్కింది రాత్రంత.
తెల్లారి నా ముందల ఒక కోటు పరిచింది,
లోపట బయట పదకొండు జేబులు.
"మనిషిని కాంటా పెట్టరు గదా," అన్నది.

ముప్పై ఒక్క ఏండ్ల కొలువుల
గీ ఉపాయం నాకు కొత్తదా?
ఒకసారి పస్రాల ఎక్కిన ఆమె
నిండు చూలాలని సీటు ఇప్పించిన.
తాడ్వాయి ఘాటుల కుదుపుకు
ఆమె కడుపు కూసింది.
బస్సంత నవ్వింది.
కొంగు కిందికెల్లి కోడిని తీయించి
లగేజీ టికెట్టు కొట్టిన, రూల్సు రూల్సే అని.
పైసలు కొంగు ముడిల నుంచి
ఒక్కొక్కటి ఇప్పి ఇచ్చింది.
నేనూ లెక్కపెట్టి తీసుకున్న.
ఆమె పేరు అడగలె.
ఎక్కడికని మటుకే అడిగిన.

మళ్ల యార్డుకు పోయిన, కోటు తొడుక్కొని, మే నెలల.
సంచి ఆరు కిలోల తొమ్మిది వందలు.
ఓదెలు కాంటా దిక్కు జూసిండు, నా దిక్కు జూసిండు.
"సంచి బక్కగైంది గని
నువ్వే జర లావైనవ్ అక్కా."

ఏమో అనబోయిన.
మొదటి బస్సు డ్యూటీకి మూడున్నరకు పెట్టిన అలారం,
రిటైరై మూడేండ్లైనా ముల్లు మార్చలె.
పగటి మూడున్నరకు
నా కడుపు మీది జేబుల నుంచి
గణగణ మోగింది.

మిర్చి కుప్పల మీద కూసున్నోళ్లంత తిరిగి జూసిండ్రు.
నస్రీన్ చెయ్యి సాపింది,
"టికెట్, టికెట్."