తడిపి చూడు

చీమకుర్తి యార్డులో మస్తాన్‌వలి
పలకను ఒక్క చూపుతో వదలడు.
పొద్దుటెండలో ఒకసారి,
షెడ్డు నీడలో ఇంకోసారి,
ఆనక బకెట్టు నీళ్లు గుమ్మరించి
ఆరేదాకా గొంతుక్కూచుంటాడు.
వెంట్రుకంత గీత తడిని పట్టుకుని ఆగిందా,
సుద్దముక్కతో ఇంటూ.

నేనేమో వాళ్ల వెబ్‌సైటు కట్టి
నా క్రోమ్‌లో చూసుకుని మురిశాను.

ఇటలీ బేరగాడి సఫారీలో
నల్లరాతి మీది వెండిచుక్కలు కనబడనేలేదట,
'ధర అడగండి' బటను
ఫొటో కింద పూడిపోయిందట.
ఒంగోలు మేస్త్రీ పాత ఫోనులో
ఒత్తులు ఊడి అక్షరాల పక్కన పడ్డాయి.

మూడు వారాలు ఒక్క బేరమూ రాలేదు.
ఓనరు ఏమీ అనలేదు.
వలి మాత్రం అడిగాడు:
"తడిపి చూసినావా, అమ్మాయ్?"

ఇప్పుడు నా బల్ల నిండా అరువు ఫోన్లు,
తమ్ముడి పాత ల్యాప్‌టాప్.
ఫైర్‌ఫాక్స్‌లో ఒక గీత
ఇంకా ఆరలేదు.