మాటు లేని మడత

బకూలి అంటే వాళ్ళ భాషలో పింగాణీ.
పేరు పింగాణీ, పని రేకు.
అంద్రవాహంగి బజారులో, సైకిల్ టైర్ల కొట్టుకీ
కోడిమేత కొట్టుకీ మధ్య సందులో
రైలుపట్టా ముక్కని పసిపిల్లలా ఒళ్ళోకి లాక్కుని కూర్చుంటుంది.
నేను ఫేనుని. ఆమె దగ్గర మూడేళ్ళుగా.

మా ఊళ్ళో బియ్యం కొలిచేది పాలడబ్బాతో.
తీపిపాలు అయిపోయాక ఆ ఖాళీ డబ్బా
కపువాక అవుతుంది.
పూటకి మూడు కపువాకలు. ఎవరైనా వస్తే నాలుగు.
సొట్టపడి, కొలతలో అబద్ధమాడేవి
మా సందుకి చేరతాయి,
హోటళ్ళ నూనె డబ్బాలతో పాటు.

మొదటి పని వాసన చూడటం. అది నాది.
పాలది, టమాటాది, పురుగుమందుది.
పురుగుమందు డబ్బా ఎంత మెరిసినా గోతిలోకే.
దీపం బుడ్డి కూడా చెయ్యనివ్వదు.
"పొగని పీల్చేదీ మనిషే కదురా."

తర్వాత అడుగు కోసి, పొట్ట చీల్చి,
రేకుని జూలై చలి ఎండలో పరుస్తాను.
గుండ్రంగా బతికింది చదునుగా పడుకోదు.
రెండు కొసలూ లేచి
ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి.
కొట్టకు, ఎటు తిరగాలనుకుంటోందో చూడు,
అటే చెంబు చెయ్యి:
ఆమె నేర్పిన డిజైను అంతే.
కాదు, ఇంకొకటి ఉంది.

ఆ జూలైలోనే ఒకాయన వచ్చాడు. లలైన అట.
మెడలో కొలత టేపు, బూట్లకి మా ఎర్రమట్టి.
మొక్కలకి నీళ్ళుపోసే జల్లుచెంబు తీసుకుని
తిరగేశాడు, ఊపాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"అతుకంతా మడతేనా? మాటు వెయ్యరా?
సీసం పోస్తే ఇరవై ఏళ్ళు ఊడదు."
రెండు వందల చెంబులు. సగం డబ్బు ముందే.
మాటు వేస్తేనే.

బకూలి సుత్తి కింద పెట్టలేదు.
"ఇరవయ్యొకటో ఏడు ఎవరు విప్పుతారు?"
ఆయన నవ్వాడు.
"మాటు పడ్డ రేకు మూగదైపోతుంది బాబూ,
ఇంకేదీ అవుతానని అడగలేదు."
ఆయన టేపు చుట్టేసుకున్నాడు.

ఇంటి మెట్లు నూట పన్నెండు.
దిగినంతసేపూ గొణిగాను.
మొండితనాన్ని ఏ కపువాకతో కొలుస్తారు,
దాన్ని ఉడికిస్తే ఎంతమందికి సరిపోతుంది?

వానలు పట్టాక
నీటికూర మళ్ళలో పనిచేసే ఆవిడ వచ్చింది,
మోకాళ్ళ దాకా బురద,
చంకలో అడుగు ఊడిన జల్లుచెంబు.
ఎప్పుడు కొన్నదో ఆమెకే తెలియదు, వాళ్ళమ్మ కొందట.
బకూలి గోటితో మడత పట్టుకుని లాగింది.
చెంబు నిట్టూర్చినట్టు తెరుచుకుంది.

లోపల, రంగు పోయిన చేప బొమ్మ మీదుగా,
అరచేతి గీతల్లా పాత మడతలు.
ఒకటి పెట్టె మూతగా ఉన్నప్పటిది.
ఒకటి గరాటు.
మూడోదాని మీద బకూలి వేలు ఆగిపోయింది.
అది అటునించి ఇటు తిరిగిన మడత.
"ఎడమచెయ్యి" అంది.
కాసేపటికి, "మా అత్త."

ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
కూర ఆవిడ మాత్రం
ఎంతవుతుందో ముందే చెప్పమని గొడవ.
రెండు కట్టల ఆకుకూరకి ఒప్పుకున్నాం.

కొత్త అడుగు నేను వేశాను.
రెండు వందల చెంబుల డబ్బు
సుత్తి దెబ్బ దెబ్బకీ గుర్తొస్తూనే ఉంది,
ఇప్పటికీ వస్తుంది, అబద్ధమెందుకు.
అయినా మడత బిగించాను,
నీళ్ళు కారనంత,
గోరు దూరేంత వదిలి.

ఎప్పుడో ఎవరో విప్పుతారు.
పేరు తెలియదు వాళ్ళకి.
కుడిచేతివాడని తెలుస్తుంది,
కొంచెం కోపంగా కొట్టాడని కూడా.