ఒక్క గీత

రెండింటికే నాలుగింటి గడి నింపేశాను,
‘ఎడమ పక్కకు తిప్పాను’ అని.
బయట అఫ్జల్‌గంజ్ కుక్కలు, లోపల నేను,
మెలకువగా ఉన్నది అంతే.

సలోమి సిస్టర్ చార్టు చూసింది.
వైట్‌నర్ తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
“చెరపొద్దు బిడ్డా. ఒక్కటే గీత కొట్టు.
కింద రాత కనబడాలె. పక్కన సంతకం.”

ఇద్దరం కలిసి ఖాజాబీని తిప్పాం.
తుంటి మీద రూపాయంత ఎరుపు.
వేలితో నొక్కితే
తెల్లబడలేదు.

పన్నెండింటిదీ అలాగే రాశావా అని
ఆమె అడగలేదు.
నేను చెప్పలేదు.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి
కౌన్సిల్ కౌంటర్ ముందు నిలబడిన ప్రతిసారీ
ఫోటో, రుసుము, శిక్షణ గంటలు
అన్నీ సరిపోతాయి.

సంతకం పెట్టే వేలికొసకే
ఇంకా వెచ్చగా తగులుతుంది
ఆ రూపాయి.