పూచి

మొదట నత్త అనుకున్నాను.
వాన వెలిసిన గోడ మీద నత్త వదిలే వెండి చార
అచ్చం అలాగే, బాల్కనీ నిమ్మమొక్క లేతాకు మీద.
వేలితో తుడిచాను. పోలేదు.
గీత ఆకు మీద లేదు,
ఆకులో ఉంది.

ఎదురింటి వడివాంబాళ్ చూసి "పూచి" అంది.
ఏ పూచి? అంటే
పూచికి పేరేమిటమ్మా, అని నవ్వి
వేపనూనె తెచ్చిపెట్టింది.

అయనావరం సిగ్నల్ దగ్గర
వాచీలు బాగుచేసే ఘనీ భాయ్‌ని
కంటద్దం అడిగాను, రెండ్రోజులకి.
పగిలితే పూచీ నాదే అన్నాను.
అరవంలో పురుగు, తెలుగులో బాధ్యత,
రెండూ ఒకే సంచీలో వేసుకుని ఇంటికొచ్చాను.

ఆకుని ఎండకి ఎత్తిపట్టి చూస్తే
ఈనె పక్కన సూదిమొనంత మొదలు.
అక్కడ దారి వెంట్రుకవాసి.
పోనుపోను వెడల్పు.
లోపలివాడు తింటూ, లావెక్కుతూ,
తన వయసు తానే కొలిచి పెట్టాడు.
నడుమ సన్నటి నల్లదారం, వాడి రెట్ట.
చిట్టచివర వాడు: కాళ్లు లేవు,
ఇస్త్రీపెట్టె కింద పడ్డ బియ్యప్పురుగులా చదును.
ఎన్ని మెలికలు తిరిగినా తన దారిని తాను తొక్కలేదు, అని
నోటుపుస్తకంలో రాసుకున్నాను.
మర్నాడు చూస్తే
ఒక్కచోట తొక్కాడు. కొట్టేశాను.

ఆకు అంచు మడిచి వాళ్లు పడుకున్నాక
రెండాకులు కోసి, తొడిమలకి తడిదూది చుట్టి
రెండు హార్లిక్స్ సీసాల్లో పెట్టాను. పాత పంచెగుడ్డ మూత.

ఆరోనాడు నీళ్ల లారీ హారన్‌కి లేచేసరికి
గాజుకి అంటుకుని, బియ్యపు నూకలో సగం.
తెల్లటి రెక్కలు, అంచున కుచ్చు,
కొసన ఒక్కటే నల్లచుక్క.
ఆ చుక్కతో ఖాయమైంది:
నిమ్మాకు తొలిచే పురుగు.
తూనీగకి, తుమ్మెదకి పేర్లున్నాయి.
దీనికి దొరికింది పనే.

రెండో సీసాలో రెక్కలపురుగు రాలేదు.
మడతకి గుండ్రటి కన్నం.
దాని పక్కన, పచ్చగా రాగిలా మెరుస్తూ
నువ్వుగింజ కంటే చిన్న కందిరీగ.
అద్దెకున్నవాడి ఒంట్లో ఇంకొకడు దిగాడన్నమాట,
ఈ మద్రాసులో,
పది నెలల అడ్వాన్సు కట్టకుండా.

దీపాలవేళ రెండు గుడ్డలూ తీసేశాను.
ఎటు పోయాయో కంటద్దానికీ అందలేదు.
వేపనూనె సీసా కిటికీలో మూత తియ్యకుండానే ఉంది,
ఘనీ భాయ్ రెండుసార్లు ఫోన్ చేశాడు.

రేపు ఇచ్చేస్తానని చెప్పి
కొత్త చిగురు వైపు వంగాను.
ఈనె పక్కన
తడిచుక్కలాంటిది ఒకటి,
ఊదితే కదలదు.